ఫిల్ ముఖం మీద వేలిముద్రలు

గ్యాలరీ గోడ మీద బొమ్మ నచ్చి దగ్గరకు వెళ్లినవాళ్లు, పక్కనున్న చీటీలో ఎచింగ్ అనో లితోగ్రాఫ్ అనో చదవగానే సగం చల్లబడిపోతారు. ‘ప్రింటా? మరి అసలుది ఎక్కడుంది?’ అని అడుగుతారు. మనవాళ్లు అలా అడగడంలో వింతేమీ లేదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో లితో ప్రెస్సు పెట్టించి లక్ష్మీ సరస్వతులను ఇంటింటికీ చేర్చాడు. ఆ వెనకాలే కేలండర్లు వచ్చాయి. అచ్చుబొమ్మ అంటే ఇంకెక్కడో ఉన్న రంగుల చిత్రానికి నకలు అని అలా అలవాటైపోయింది. చిత్రకారుల అచ్చుశాలలో తయారయ్యే ప్రింటు వ్యవహారం వేరు. రాగిరేకు మీదో, రాతి మీదో, చెక్క మీదో చేసిన పనంతా కాగితం ఎక్కితేనే అక్కడ బొమ్మ. పది ప్రతులు తీస్తే పదీ అసలైనవే.

ఇక్కడ ఒక చిక్కుంది. నేను చెప్పబోయే బొమ్మలకు ముందు ఒక ఫొటో ఉంది, ఆ ఫొటో చూసి వేసిన తొమ్మిది అడుగుల పెయింటింగూ ఉంది. అయినా వాటి తర్వాత వచ్చిన ప్రింట్లు నకళ్లు కావు. ఎందుకు కావో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఫొటో 1968 నాటిది, న్యూయార్క్‌లో తీసింది. అందులోని మనిషి పేరు ఫిలిప్ గ్లాస్. ఈ రోజు ఆయన ప్రపంచం ఎరిగిన సంగీతకర్త. అప్పటికి మాత్రం ముప్ఫై ఒక్కేళ్ల వయసు, సొంత సంగీతంతో పూట గడవని రోజులు. శిల్పి రిచర్డ్ సెర్రాకు సహాయకుడిగా ఉండేవాడు, ఇళ్లలో కుళాయిల పని చేసేవాడు, తర్వాత చాలాకాలం టాక్సీ నడిపాడు. కళా విమర్శకుడు రాబర్ట్ హ్యూస్ ఇంట్లో డిష్‌వాషర్ బిగించడానికి వెళితే, వంటింట్లో ఆయన్ని చూసి హ్యూస్ బిత్తరపోయిన కథ గ్లాస్ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఫొటో తీసింది చక్ క్లోజ్. ఆయనా అప్పటికి ఎవరికీ తెలియని చిత్రకారుడే. అడిగితే కాదనని స్నేహితులను కెమెరా ముందు నిలబెట్టి, పోలీసు రికార్డుల్లో తీసినంత సూటిగా ఫొటోలు తీసుకున్నాడు. గ్లాస్ ఫొటోలో ఉంగరాల జుట్టు అన్ని దిక్కులకూ చెదిరి ఉంటుంది, కనురెప్పలు బరువుగా వాలి ఉంటాయి, పెదవులు కాస్త విడివడి ఉంటాయి. అందంగా కనబడాలన్న ప్రయత్నం తీసినవాడిలోనూ లేదు, దిగినవాడిలోనూ లేదు.

1969లో ఆ ఫొటో ‘ఫిల్’ అనే నలుపు తెలుపు చిత్రమైంది. విట్నీ మ్యూజియం అదే ఏడాది కొనుక్కుంది. అక్కడితో కథ ముగిసిపోవాలి. ముగియలేదు. క్లోజ్ ఆ ముఖాన్ని దశాబ్దాలపాటు వదల్లేదు. వేలిముద్రలతో, కాగితం గుజ్జుతో, ఆసిడ్‌తో మళ్లీ మళ్లీ చేశాడు. గ్లాస్ కెమెరా ముందు నిలబడింది కాసేపే. తన ముఖాన్ని ఒక స్నేహితుడి చేతిలో పెట్టి, దాంతో ఏం చేసుకుంటావో చేసుకో అని ఊరుకున్నది మాత్రం జీవితకాలం. సహకారం అంటే పక్కపక్కన కూర్చుని పనిచేయడమే కానక్కర్లేదు.

క్లోజ్‌కు ముఖాలతో ఒక ఇబ్బంది ఉండేది. చూసిన ముఖాన్ని గుర్తుపట్టలేని స్థితి, వైద్యులు ప్రొసోపగ్నోసియా అంటారు. ఎదుటి మనిషి తల కాస్త తిప్పితే చాలు, ఆయనకు అది కొత్త ముఖం. బల్లపరుపుగా ఉన్న ఫొటోలో అయితే గుర్తుండేది. అందుకే ఫొటో మీద గళ్లు గీసి, ఒక్కో గడినీ విడిగా పెద్ద కాన్వాసు మీదికి ఎక్కించేవాడు. గడి గీశాక ముక్కూ లేదు, కన్నూ లేదు. ఈ చదరంలో ఎంత నలుపు, పక్క చదరంలో ఎంత నలుపు, అంతే లెక్క. ముఖం దానంతటదే ఏర్పడుతుంది. అచ్చుపనికి ఈ బుద్ధి సరిగ్గా సరిపోతుంది. అచ్చుశాలలో ఎవరూ బొమ్మను నేరుగా వేయరు. ఈ రంగు ఏ రాయి మీద, ఆ నలుపు ఎన్ని నిమిషాల ఆసిడ్‌తో అని ముక్కలుగా విడగొట్టుకుని ఆలోచిస్తారు.

ఆయన మొదటి పెద్ద ప్రింటు ఫిల్‌ది కాదు, ఇంకో స్నేహితుడు కీత్‌ది. కానీ దాన్ని దాటేసి ఫిల్ దగ్గరకు వెళ్లడం కుదరదు. 1972లో పారసోల్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ ప్రింటు చేయమని క్లోజ్‌ను అడిగింది. ఆయన మెజోటింట్ చేస్తానన్నాడు. కాలిఫోర్నియాలో క్రౌన్ పాయింట్ ప్రెస్ నడిపే కాథన్ బ్రౌన్ అచ్చువేయడానికి ఒప్పుకుంది. ఆ పద్ధతి ఆయనకూ రాదు, ఆమెకూ రాదు. ఎవరికీ రానిదైతేనే కొత్తగా ఏదైనా వస్తుందని ఆయన పట్టు.

మెజోటింట్ పదిహేడో శతాబ్దం నాటి విద్య. 1640లలో లుడ్విగ్ ఫాన్ సీగెన్ మొట్టమొదట దానితో చేసింది కూడా ఒక వ్యక్తి చిత్రమే. అంచు నిండా సన్నటి పళ్లున్న రాకర్ అనే ఉలిని రాగిరేకు మీద అటూ ఇటూ ఊపుతూ రేకంతా గుచ్చుతారు. కంటికి కనబడనంత చిన్న గుంటలూ, వాటి పక్కన లేచిన రాగి ముళ్లూ రేకు నిండా పరుచుకుంటాయి. ఆ దశలో సిరా పట్టించి అచ్చుతీస్తే కాగితం మీద మఖమల్ లాంటి చిక్కటి నలుపు. అక్కణ్నుంచి వెలుగు తీసుకురావడమే పని. గరుకును గీకి, నున్నగా రుద్దిన కొద్దీ అక్కడ సిరా తక్కువ నిలుస్తుంది, కాగితం తెల్లబడుతుంది. నుదుటి మీది మెరుపు కావాలంటే రాగి అద్దంలా నునుపెక్కాలి. మామూలు చిత్రకారుడు తెలుపు మీద నలుపు పెట్టుకుంటూ వెళితే, ఇక్కడ నలుపును చెరుపుకుంటూ వెళ్లాలి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో దొరల ముఖాలన్నీ ఇలాగే ఇంటింటికీ వెళ్లాయి. ఫొటో వచ్చాక ఈ విద్యను అడిగేవాళ్లు లేకపోయారు.

కీత్ రేకు దాదాపు నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. అంత రేకును చేత్తో గుచ్చడం అయ్యే పని కాదు గనక గరుకును ఫొటో పద్ధతిలో ఆసిడ్‌తో తినిపించారు. అది పట్టే ప్రెస్సు లేకపోతే పెద్ద ప్రెస్సు తెప్పించారు. క్లోజ్ నోటి దగ్గర మొదలుపెట్టాడు. కొత్త పని కదా, ఎలా వస్తోందో చూసుకోవడానికి మాటిమాటికీ ప్రూఫ్ తీయించాడు. ప్రెస్సు కిందికి వెళ్లిన ప్రతిసారీ ఆ సున్నితమైన గరుకు కొంచెం కొంచెం అణిగిపోతుందని అప్పటికి ఎవరికీ తట్టలేదు. ముఖమంతా పూర్తయ్యేసరికి నోటి చుట్టూ రేకు అరిగి, ఆ గళ్లు మిగతా ముఖం కంటే పాలిపోయి కనబడ్డాయి. గళ్ల గీతలూ దాగలేదు. పెయింటింగుల్లో అప్పటిదాకా ఎంత జాగ్రత్తగా మాయం చేశాడో ఆ గళ్లు, ప్రింటులో బాహాటంగా నిలబడ్డాయి. క్లోజ్ దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. పది ప్రతులు వేయించి సంతకం పెట్టాడు. ఆ తర్వాత పెయింటింగుల్లోనూ గళ్లను దాచడం మానేశాడు. ఇప్పుడు క్లోజ్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ గళ్ల ముఖాల శైలి ఒక అచ్చుశాలలో, రేకు అరిగిపోవడం వల్ల బయటపడింది. ప్రింటు పెయింటింగుకు నకలు అనేవాళ్లకు నేను చూపించే మొదటి సాక్ష్యం ఇదే. ఇక్కడ పెయింటింగే ప్రింటును చూసి నేర్చుకుంది.

ఇక ఫిల్. వేలికి సిరా అద్దుకుని గడి గడిలో ఒత్తుతూ ముఖాలు చేయడం క్లోజ్ 1970ల చివర్లో మొదలుపెట్టాడు. గట్టిగా ఒత్తితే నల్లన, సిరా అయిపోవచ్చే వేలితో తేలిగ్గా ఒత్తితే బూడిదరంగు. 1981లో అదే పద్ధతి ‘ఫిల్/ఫింగర్‌ప్రింట్’ అనే లితోగ్రాఫ్‌గా వచ్చింది. లితోగ్రఫీ సూత్రం చాలా చిన్నది: నూనెకూ నీటికీ పడదు. 1790ల చివర బవేరియాలో ఆలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. సున్నపురాతి మీద జిడ్డుగల సిరాతో గీస్తారు. తుమ్మబంకలో కొద్దిగా ఆసిడ్ కలిపి పూస్తారు. తర్వాత తడి స్పాంజితో తుడిస్తే గీయని చోట రాయి నీళ్లు పీల్చుకుంటుంది, గీసినచోట జిడ్డు నీటిని దగ్గరకు రానివ్వదు. ఇప్పుడు సిరా రోలర్ దొర్లిస్తే తడిచోట అంటదు, జిడ్డుచోట అంటుతుంది. చెక్కడమూ లేదు, గుంటలు పెట్టడమూ లేదు. రాయి పైతలం చదునుగానే ఉంటుంది. అందుకే లితోగ్రఫీలో చేతి స్పర్శ ఎలా ఉంటే అలాగే దిగుతుంది. వేలి గీతలు దిగడానికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు.

దూరం నుంచి చూస్తే ఫిల్ ముఖం. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరకు వెళితే చక్ వేళ్లు. సంతకం రానివాళ్లు నిశానీ వేసినట్టు ఒక చిత్రకారుడు ఇంకొకరి ముఖమంతా తన నిశానీతోనే నింపాడు. ఎవరి చిత్రం ఇది? పోలీసువాడు వచ్చి పరీక్షిస్తే ఇది క్లోజ్ గుర్తింపు పత్రమే అవుతుంది, గ్లాస్‌ది కాదు. ఇద్దరి సహకారం గురించి ఇంత సూటిగా చెప్పిన బొమ్మ నాకు మరొకటి కనబడలేదు.

మరుసటి ఏడు ‘ఫిల్ III’ వచ్చింది, ఈసారి కాగితం గుజ్జుతో. ఈ కథలో ఇంకో మనిషి ఉన్నాడు: జో విల్ఫర్. విస్కాన్సిన్ నుంచి వచ్చిన అచ్చు నిపుణుడు, చేతికాగితం తయారుచేసేవాడు. గుజ్జుతో బొమ్మ చేద్దామని అడిగితే క్లోజ్ మొదట ఒప్పుకోలేదు. అన్ని ఛాయల బూడిదరంగు గుజ్జు ఎక్కడొస్తుందన్నాడు. విల్ఫర్ నమూనాలు తయారుచేసి పంపిస్తూ పోయాడు. చివరికి కాదనడానికి క్లోజ్ దగ్గర సాకులు అయిపోయాయి. ట్యూబులైటు మీద కప్పే గళ్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది కదా, దాన్ని తడి కాగితం మీద పరిచి, ఏ గడిలో ఏ ఛాయ గుజ్జు పోయాలో అంకెలు వేసుకుని పోసేవారు. జాలీ తీసేసి నొక్కి ఆరబెడితే, రంగు కాగితం మీద ఉండదు, కాగితమే రంగు. ఈ పనిలో నేల మీద పడి ఎండిపోయిన గుజ్జు బిళ్లలు కూడా వృథా పోలేదు. వాటిని ఏరి అతికించి మరో స్నేహితుడి ముఖం చేశారు. వాన వెలిశాక గోడ మీద మిగిలే మరకలాంటి మెత్తదనం గుజ్జు బొమ్మలకు వస్తుంది. ఫిల్ జుట్టుకు అది ఎంత సరిపోయిందో చెప్పలేను.

1988 డిసెంబరులో క్లోజ్ వెన్నుపాముకు వెళ్లే ధమని దెబ్బతిని మెడ కింద కదలిక పోయింది. నెలల తరబడి కసరత్తుతో కొంత శక్తి తిరిగి వచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చుని, ముంజేతికి కట్టుకున్న పట్టీలో కుంచె దూర్చుకుని పని మొదలుపెట్టాడు. ‘ఫిల్ స్పిట్‌బైట్’ ఆ తర్వాతది, 1995లో. మళ్లీ ఆ ముఖమే.

స్పిట్‌బైట్ ఆక్వాటింట్‌కు చెల్లెలు వరస. పైన్ చెట్ల జిగురు నుంచి తీసే రోజిన్ పొడిని రాగిరేకు మీద సన్నగా చల్లి, కింద నుంచి వేడిచేస్తారు. పొడి రేణువులు కరిగి రేకుకు అంటుకుంటాయి. రేకును ఆసిడ్‌లో ముంచితే రేణువుల మధ్య రాగిని మాత్రమే ఆసిడ్ తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, ఎంత లోతైతే అంత సిరా, అంత నలుపు. ఆక్వాటింట్‌లో రేకు మొత్తాన్ని ముంచుతారు. స్పిట్‌బైట్‌లో ముంచరు, కుంచెతో ఆసిడ్‌నే పూస్తారు. రాగి మీద ఆసిడ్ చుక్క నిలబడక చెదిరిపోతుంది, నిలబెట్టడానికి పూర్వం ఉమ్మి కలిపేవారు. ఇప్పుడు బంక నీళ్లూ వాడతారు. పూసిన చుక్క అంచుల్లో పల్చబడి మెల్లగా కొరుకుతుంది గనక నీటిరంగు ఆరినట్టు మెత్తటి అంచు వస్తుంది. ఇబ్బందల్లా ఒక్కటే: పూస్తున్నప్పుడు ఏమీ కనబడదు. మెరిసే రాగి మీద మెరిసే తడి. ఏ గడిలో ఎన్ని నిమిషాలు ఉంచారో లెక్క రాసుకోవాల్సిందే. ఫలితం ప్రెస్సు కిందినుంచి కాగితం లేచాకే తెలుస్తుంది. గడి గడికీ లెక్క పెట్టుకునే క్లోజ్‌కు ఇంతకంటే తగిన పద్ధతి దొరకదు. పెయింటింగులో వేసిన గడి కళ్లెదుట ఉంటుంది, నచ్చకపోతే దిద్దుకోవచ్చు. ఇక్కడ గడియారాన్నీ పక్కనున్న అచ్చు నిపుణుణ్నీ నమ్మాలి.

ఇన్నిసార్లు ఒకే ముఖమేమిటి, విసుగు రాదా అని అడిగేవాళ్లున్నారు. మన సంగీతం తెలిసినవాళ్లకు ఆ సందేహం రాకూడదు. త్యాగరాజ కృతిలో పల్లవి ఒక్క పాదమే. గాయకుడు సంగతి మీద సంగతి వేస్తూ పోతాడు. సాహిత్యం అదే, తాళం అదే. ప్రతి సంగతిలోనూ ఒక స్వరం అటో ఇటో జరుగుతుంది. మూడో సంగతి విన్నాకే మొదటిది ఎంత నిండుగా ఉందో తెలుస్తుంది. క్లోజ్ చేసింది అదే పని, ఫొటో ఆయనకు పల్లవి.

ఈ పోలిక తెచ్చిపెట్టుకున్నది కాదు. ఫిలిప్ గ్లాస్ సంగీతమే అలా నడుస్తుంది. చిన్న స్వరగుచ్ఛాన్ని తీసుకుని, ఒక స్వరం కలిపి, ఒకటి తీసి, తిప్పి తిప్పి వాయిస్తారు. ఆ దారి ఆయనకు కొంత మన దేశం నుంచే దొరికింది. 1960ల మధ్యలో పారిస్‌లో చదువుకుంటూ, ఒక సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య లిపిలోకి రాసే పనికి కుదిరాడు. తాళాన్ని గీతలతో గదులుగా విడగొట్టి రాస్తుంటే, అది అలా కాదని తబలా విద్వాంసుడు అల్లా రఖా సరిదిద్దేవాడు. లయ గదుల్లో ఉండదు, చక్రంలా తిరుగుతుందని గ్లాస్‌కు అక్కడ బోధపడింది. తర్వాత భారతదేశానికి చాలాసార్లు వచ్చాడు. 1980లో ప్రదర్శించిన ఆయన ‘సత్యాగ్రహ’ ఆపెరా దక్షిణాఫ్రికాలో గాంధీ రోజుల గురించి. పాడేది సంస్కృతంలో, భగవద్గీత శ్లోకాలే. ఇలాంటి మనిషి ముఖమే క్లోజ్‌కు పదేపదే చేసినా తరగని ముఖం కావడం యాదృచ్ఛికం అనిపించదు నాకు. ఇద్దరూ చిన్న ముక్కను నమ్ముకున్నవాళ్లే.

మనకు ఇంకో దగ్గరి దారి కూడా ఉంది. క్లోజ్ అచ్చుపని నేర్చుకున్నది యేల్‌లో గాబోర్ పెటెర్డి దగ్గర, ఆయనకు సహాయకుడిగా కూడా పనిచేశాడు. పెటెర్డి నేర్చుకున్నది స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ఆటెలియే 17లో. 1950లలో పారిస్‌లోని అదే అచ్చుశాలకు చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివిన కృష్ణారెడ్డి చేరాడు. కైకో మోతీ అనే మరో భారతీయుడితో కలిసి ఆయన చేసిన ప్రయోగాల నుంచే విస్కాసిటీ ప్రింటింగ్ వచ్చింది. రంగుకో రేకు అక్కర్లేదు. ఒకే రేకును ఎత్తుపల్లాలుగా చెక్కి, నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాను గట్టి రోలర్‌తో పైమట్టానికి, చిక్కటి సిరాను మెత్తటి రోలర్‌తో లోపలి మట్టానికి పట్టిస్తారు. నూనె ఎక్కువున్న చోట చిక్కటి సిరా అంటదు. రంగులన్నీ ఒక్క ఒత్తిడిలో కాగితం ఎక్కుతాయి. ఆ తర్వాత కృష్ణారెడ్డి న్యూయార్క్‌లో స్థిరపడి, 2018లో అక్కడే చనిపోయేదాకా ఎందరికో ఆ విద్య నేర్పాడు. చిత్తూరు పల్లె నుంచీ, వాషింగ్టన్ రాష్ట్రపు చిన్న ఊరు మన్రో నుంచీ బయల్దేరిన ఇద్దరికీ గురుపరంపర ఒక్కచోట కలుస్తుంది. మన పత్రికల్లో ఈ మాట ఇంకా ఎక్కువగా రావాల్సింది.

అచ్చుశాలలో ఎవరూ ఒంటరిగా పనిచేయరు. జపాన్ ఉకియో-ఎ చెక్క అచ్చుల్లో బొమ్మ గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అచ్చువేసేవాడు మరొకడు, డబ్బుపెట్టి అందరినీ కూర్చే ప్రచురణకర్త నాలుగోవాడు. మనకు గుర్తుండేది గీసినవాడి పేరొక్కటే. 2002లో క్లోజ్ తన బంధువుల పాపను ‘ఎమ్మా’ అనే చెక్క అచ్చుగా చేసినప్పుడు 113 రంగులను ఆ జపాన్ పద్ధతిలో చెక్కి అచ్చువేసింది యాసు షిబాటా. క్లోజ్ ఈ సంగతి ఎప్పుడూ దాచలేదు. 2003 నుంచి అమెరికా మ్యూజియాల్లో తిరిగిన ఆయన ప్రింట్ల ప్రదర్శన పేరులోనే సహకారం అనే మాట ఉంది. వాడుకలో ఒక మర్యాద కూడా ఉంది. చిత్రకారుడు తనకు నచ్చిన ప్రూఫ్ మీద ఇది సరే అని రాసి సంతకం పెడతాడు. మిగతా ప్రతులన్నీ దానికి తూగాలి. ఆ సంతకం ప్రూఫ్ సాధారణంగా అచ్చువేసిన మనిషికే దక్కుతుంది. ప్రతి కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే పదింటిలో మూడోది అని. మూలన సిరా లేకుండా కాగితంలోకి నొక్కిన చిన్న ముద్ర ఉంటే అది అచ్చుశాలది. అన్నీ అయ్యాక రేకు మీద గీతలు కొట్టి పాడుచేస్తారు, ఇంకెవరూ తీయకుండా.

ముఖాన్ని మరొకరి చేతిలో పెట్టడం నమ్మకంతో కూడిన పని. ఆ నమ్మకం విషయంలో క్లోజ్ అందరి దగ్గరా ఒకేలా లేడు. 2017 డిసెంబరులో, బొమ్మకు నిలబడటానికి స్టూడియోకు వచ్చినప్పుడు అసభ్యంగా మాట్లాడాడని పలువురు స్త్రీలు చెప్పారు. ఆయన క్షమాపణ చెప్పాడు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆయన ప్రదర్శనను నిరవధికంగా వాయిదా వేసింది. 2021లో ఆయన పోయాక వచ్చిన నివాళుల్లో కొన్ని ఈ సంగతిని గబగబా దాటేశాయి. దాటాల్సిన అవసరం లేదు. ఫిల్ ముఖాలు ఎంత గొప్పవో ఒప్పుకుంటూనే, ఆ స్త్రీలు చెప్పినది కూడా అదే స్టూడియో గురించేనని గుర్తుంచుకోవచ్చు.

అదే 2017 జనవరి 1న న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ కొత్త మెట్రో మార్గం తెరుచుకుంది. 86వ వీధి స్టేషన్ గోడల మీద క్లోజ్ చేసిన పెద్ద ముఖాల్లో గ్లాస్ ముఖమూ ఉంది. టికెట్టు కొన్నవాళ్లెవరైనా చూడొచ్చు. అంతకు ముందే గ్లాస్ తన వంతు తీర్చుకున్నాడు. 2005లో పియానో విద్వాంసుడు బ్రూస్ లెవింగ్‌స్టన్ కోసం ‘ఎ మ్యూజికల్ పోర్ట్రెయిట్ ఆఫ్ చక్ క్లోజ్’ రాశాడు. రెండు భాగాలు, పియానో ఒక్కటే వాద్యం. చిన్న చిన్న స్వరాల ముక్కలు పక్కపక్కన చేరుతూ పోతాయి. ఈసారి కదలకుండా నిలబడాల్సిన బాధ్యత చక్‌ది, కానీ ఫిల్‌కు ఫొటో అవసరం పడలేదు.